కొచబాంబా నీటి కౌలు

దక్షిణ అమెరికా ఖండము నడుమ బొలీవియా యను దేశము గలదు. దానికి సముద్రతీరము లేదు. పడమట ఆండీస్ పర్వతములు, తూర్పున దట్టమైన యడవులు. ఆ పర్వతముల యొడిలో, సముద్రమట్టమునకు సుమారు 2,500 మీటర్ల యెత్తున, కొచబాంబా యను నగరమున్నది. ఆ పేరు కెచువా భాషలోనిది. స్పెయిను దేశస్థులు వచ్చి రాజ్యము నాక్రమింపకమునుపు అచ్చటి ఇన్కా చక్రవర్తుల కాలమున వ్యవహారములో నున్న భాష యది. నేటికిని అచ్చటి పల్లెలలో లక్షలాది జనులు దానినే మాటలాడుదురు. 'కొచ' యనగా చెరువు, 'పంప' యనగా మైదానము. చెరువుల మైదానమని పేరు పెట్టుకొన్న యా యూరు నీటికొరకు పోరాడి 2000వ సంవత్సరమున లోకమంతటికిని తెలిసినది. ఆ వృత్తాంతమునే నేడు మీకు విన్నవింపదలచినాను.

ఈ కథను చెప్పువారు సాధారణముగా నగరముతో నారంభింతురు. మునిసిపాలిటీ నీటిసంస్థను ఒక విదేశీ కంపెనీకి అప్పగించిరి, కంపెనీ ధర పెంచినది, జనులు తిరుగబడిరి, కంపెనీ వెడలిపోయినది. ఇందులో అబద్ధమేమియు లేదు. కాని మొదట లేచినవారు నగరవాసులు కారు. కంపెనీ కుళాయి ఒక్కటియైనను లేని చుట్టుపట్ల పల్లెల రైతులు. వారికి బిల్లు రాలేదు. ఐనను వారే ముందు కదలిరి. వారేల కదలిరో తెలిసికొన్నగాని, ఆ కౌలులో నిజముగా చేతులు మారినదేదో మనకు బోధపడదు.

కొచబాంబా లోయలో వానలు సంవత్సరమునకు కొలది మాసములే. మొక్కజొన్న, బంగాళాదుంప, కూరగాయలు, పాడిపశువుల మేత అచ్చటి పైరులు. తునారి శిఖరమునుండి దిగివచ్చు వాగులును, కొండలపై రైతులు అడ్డుకట్టలు వేసి నిలిపిన చిన్న చెరువులును, ఊటలును, బావులును వారికి ఆధారములు. ఈ నీటిని పంచుకొను పద్ధతికి వారు 'మీతా' యని పేరు పెట్టుకొనిరి. కెచువాలో ఆ మాటకు వంతు అని యర్థము. వంతుల మీద నీరు పారించుకొనిన మీకు దీనిని వివరింప నక్కరలేదు. ఎవరి వంతు ఏ దినమున ఏ వేళకు మొదలగునో, కాలువ పూడిక తీయుటకు ఇంటికెందరు రావలెనో, రానివానికి ఏమి తప్పు వేయవలెనో ఊరివారికి కంఠస్థము. అందు చాల భాగము ఏ సర్కారు కాగితము మీదను లేదు. 1906వ సంవత్సరపు నీటిచట్టమొకటి యుండెను గాని, లోయలో నడచినది మాత్రము వాడుకయే. 1953లో జమీందారుల భూములు రైతులకు పంచిపెట్టిన శాసనము ఈ లోయలోని ఉకురేన్యా యను గ్రామముననే సంతకమైనది. భూమితోబాటు నీటి వంతులును వారి చేతికి వచ్చెను. తాతలు చాకిరీచేసి తవ్విన కాలువలు మనుమలకు దక్కినవి. అందువలన అచ్చటి రైతునకు వంతు అనగా సర్కారు దయచేసిన వస్తువు కాదు. తన చేతులార సంపాదించుకొన్న యాస్తి.

ఇక నగరము సంగతి. 1985లో బొలీవియా ద్రవ్యము విలువ పూర్తిగా పడిపోయెను. ఉదయమున్న ధర సాయంత్రమునకు లేకుండెను. సర్కారు పొదుపు పేరిట గనులు మూసివేయగా, 20 వేలకు పైగా తగరపు గని కార్మికులు వీధిని పడిరి. వారిలో అనేకులు పెండ్లాము పిల్లలతో కొచబాంబాకు వచ్చి, నగరమునకు దక్షిణముననున్న బోడి గుట్టలమీద ఇండ్లు వేసికొనిరి. ఆ గుట్టలపై నీటి పైపులు లేవు. నగరమునకు నీరిచ్చు సంస్థ పేరు సేమాపా. అది పౌరులలో సగమునకు కొంచెము పైవారికి మాత్రమే నీరందించుచుండెను. వారికైనను దినమునకు కొలది గంటలే. పైపులలో బయలుదేరిన నీటిలో పెద్ద పాలు దారిలోనే కారిపోవుచుండెను. అప్పులు పెరుగుచుండెను. గుట్టలమీది పేదలు లారీలవద్ద పీపాల లెక్కను నీరు కొనుచుండిరి. కుళాయిగల సంపన్నుడు ఇచ్చు ధరకు అది యెన్నియో రెట్లు. ఇది సేమాపా సర్కారీ సంస్థగా నున్న కాలపు సంగతి యని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. కంపెనీ రాకమునుపు అంతయు సుభిక్షమని చెప్పిన నేను అసత్యమాడినవాడనగుదును.

లారీ నీరు కొనలేక ఆ గుట్టలమీదివారు మరియొక త్రోవ చూచుకొనిరి. పదియిండ్లవారో నూరిండ్లవారో చేరి, చందాలు వేసికొని, బావి తవ్వి, తొట్టి కట్టి, పైపులు వేసికొనిరి. గనులలో సంఘములు నడపిన యనుభవము వారికి ఇక్కడ అక్కరకు వచ్చెను. సర్కారు కానియైన ఇవ్వలేదు. ఇట్టి నీటి సంఘములు దక్షిణపు వాడలలో అనేకములు వెలసినవి.

సేమాపాకును నీరు చాలకుండెను. అది లోయలోని పల్లెలలో లోతైన గొట్టపుబావులు దింపజొచ్చెను. పల్లెలవారి బావులు ఎండిపోవునని రైతులు అడ్డుపడిరి. 1990 దశకములో జరిగిన ఆ తగవులను అచ్చటివారు 'బావుల యుద్ధము' అందురు. రైతులు చట్టముల కాగితములు చదువుటయు, ఇంజనీర్లతో వాదించుటయు అప్పుడే నేర్చిరి. వారి సంఘములన్నియు కలిసి జిల్లా కంతకును ఒక సమాఖ్యగా నేర్పడినవి. దాని నాయకుడు ఓమర్ ఫెర్నాండెజ్. ఈ పూర్వరంగము లేకున్న తరువాతి కథ జరిగియుండదని నా యభిప్రాయము.

నగరపు కొరత తీర్చుటకు పెద్దలు ఏనాటినుండియో చెప్పుచు వచ్చిన మందు ఒక్కటే: మిసికూని. తునారి పర్వతమున కావల మిసికూని నది గలదు. దానికి ఆనకట్ట కట్టి, కొండను తొలిచి, సుమారు 19 కిలోమీటర్ల సొరంగము ద్వారా నీటిని లోయకు దింపవలెనని వారి సంకల్పము. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మిసికూని పేరు వినబడుచుండెను. ఖర్చు అపారము. ఆ కాలమున బొలీవియాకు అప్పులిచ్చుచున్న ప్రపంచ బ్యాంకు మిసికూని లాభసాటి కాదనెను. నగరముల నీటిసంస్థలను ప్రైవేటు కంపెనీల కప్పగింపుడని ఒత్తిడి చేసెను. 1997లో సర్కారు కొలువున్న లా పాజ్ నగరపు నీరు ఒక ఫ్రెంచి కంపెనీ కూటమి వశమైనది. కొచబాంబా మేయరు మాత్రము మిసికూని లేని బేరమునకు ఒప్పుకొనడాయెను. కాబట్టి తుదకు కుదిరిన బేరములో నీటిసంస్థయు, దాని యప్పులును, మిసికూని పనియు అన్నియు ఒక్క మూటగా గట్టబడినవి. 1999 జూనులో బ్యాంకు వ్రాసిన నివేదికలో, కొచబాంబా నీటిధర పెరిగినచో ఆ భారము తగ్గించుటకు సర్కారు సొమ్ము ఇవ్వరాదని స్పష్టముగా నుండెను.

ఆ మూటను వేలమున పెట్టగా పాడవచ్చినవారు ఒక్కరే. ఒక్కడే పాటగాడైన వేలములో ధర యెవరు నిర్ణయింతురో మీరెరుగుదురు. ఆ కూటమి పేరు 'అగ్వాస్ దెల్ తునారి', అనగా తునారి జలములు. అందు నూటికి 55 పాళ్లు అమెరికాలోని బెక్టెల్ కంపెనీ పక్షమున ఏర్పడిన ఇంటర్నేషనల్ వాటర్ అను సంస్థవి. 25 పాళ్లు స్పెయినులోని అబెంగోవా కంపెనీవి. మిగిలిన 20 పాళ్లు నాలుగు బొలీవియా కంపెనీలవి. 1999 సెప్టెంబరు 3వ తేదీన కంట్రాక్టు సంతకమైనది. కౌలు 40 సంవత్సరములు. కంపెనీ పెట్టుబడికి ఏటేట నూటికి 15 మొదలు 17 వరకు లాభము వచ్చునట్లు ధరలు కట్టుకొనవచ్చునని అందు షరతు. పంట పండినను ఎండినను కౌలుదారునికి లాభము తప్పదను కౌలు ఇది. మనము చూచిన కౌళ్లలో నష్టపు భయము కౌలుదారునిది. ఇచ్చట అది నీరు త్రాగువానిమీద పడినది.

సంతకమునకు రెండు నెలలైనను నిండకముందే, అక్టోబరు 29న, 2029వ సంఖ్యగల నీటిచట్టము వచ్చెను. కంపెనీకి ఇచ్చిన హద్దులలోపల వేరొకరు నీరు సరఫరా చేయరాదు. చిన్న సంఘములు సర్కారునుండి కొలది సంవత్సరముల లైసెన్సు పొందినగాని నడువరాదు. వాడుకలను గురించియు, ఆచారపు వంతులను గురించియు అందు భద్రమైన మాట యొక్కటియు లేదు. పేదలు చందాలు వేసికొని తవ్విన బావికి మీటరు బిగించు హక్కు కంపెనీకి వచ్చెనని జనులు గ్రహించిరి. ఇంటికప్పుమీద పడిన వాననీటికిని లైసెన్సు కావలెనను మాట తరువాత దేశదేశములు ప్రాకినది. దానిమీద నేను వాదము కట్టను. బావులను గురించి చట్టములో నున్నదే చాలును.

నగరములో ఈ చట్టమును చదివినవారు అరుదు. పల్లెలలో చదివిరి. బావుల యుద్ధమున నేర్చిన చదువు అది. ఊరికి నీరమ్ముట కంపెనీ పని యనుకొన్న రైతులకు, తమ కొండవాగును, తమ వంతులును హద్దుల లోపలికి రాగలవని తెలిసినది. నవంబరులో వారు లోయలోని బాట కడ్డముగా రాళ్లు పేర్చి నిలిచిరి. తరువాత నగరమునకు వచ్చి, ఫ్యాక్టరీ కార్మికుల సమాఖ్య తలుపు తట్టిరి. ఆ సమాఖ్య నాయకుడు ఆస్కార్ ఒలివేరా, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. నవంబరు 12న రైతులు, కార్మికులు, నీటి సంఘములవారు, కొందరు ఇంజనీర్లు, లాయర్లు కలిసి 'నీటి రక్షణ, జీవన రక్షణ సమితి' నేర్పరచిరి. దానిని అచ్చటివారు క్లుప్తముగా 'కోఆర్దినదోరా' అందురు. వారికి కచేరీ లేదు; కార్మిక సమాఖ్య మేడమీది గదియే కచేరీ.

2000 జనవరిలో నగరమునకు కొత్త బిల్లులు వచ్చినవి. పెంపు సగటున నూటికి 35 మాత్రమేయని కంపెనీ చెప్పెను. ఇండ్లను తరగతులుగా విభజించితిమనియు, నీరు వచ్చు గంటలు పెరిగినందున వాడకము పెరిగినదనియు చెప్పెను. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని అనేకుల బిల్లులు రెట్టింపైనవి. కొందరివి అంతకును మించినవి. కనీసపు జీతము నెలకు 70 డాలర్లైనను లేని యూరిలో 20 డాలర్ల బిల్లు చేతబట్టుకొని వచ్చిన కుటుంబములుండెను. అంతకన్న చిత్రమేమనగా, ఆ ధరలో ఇంకను కట్టని ఆనకట్ట ఖర్చును, కొత్తగా వేయబోవు పైపుల ఖర్చును చేరియుండెను. చుక్క రాకముందే కొండకావలి నీటికి ఖరీదు చెల్లింపవలసి వచ్చెను. జనులు నగరపు చావడిలో గుమిగూడి బిల్లులను కుప్పవేసి తగులబెట్టిరి.

తరువాతి మూడు మాసములలో జరిగినవన్నియు చెప్పుటకు వ్యవధి చాలదు. జనవరి 11న బాటలు కట్టిరి. సర్కారు ధరలను పునరాలోచింతుమని మాట యిచ్చెను. ఆ మాట నిలువనందున ఫిబ్రవరి 4న జనులు ఊరేగింపుగా చావడిని చేరబోగా, పోలీసులు రెండు దినములు బాష్పవాయువు ప్రయోగించిరి; సుమారు 175 మంది గాయపడిరి. ధరలు తాత్కాలికముగా పాతస్థితికి వచ్చినవి. సమితివారు అంతటితో తృప్తి చెందక, కంట్రాక్టు రద్దు, చట్టము మార్పు, రెండును కావలెననిరి. మార్చిలో వీధులలో పెట్టెలు పెట్టి జనుల యభిప్రాయము నడిగిరి. సుమారు 50 వేలమంది చీటీలు వేసిరి. నూటికి 96 మంది కంట్రాక్టు వలదనిరి. ఇట్టి యెన్నికకు చట్టబలము లేదని సర్కారు త్రోసిపుచ్చెను.

ఏప్రిల్ 4న కడపటి ఘట్టము. లోయలోని రైతులు, గుట్టలమీది వారు, కార్మికులు, విద్యార్థులు, అంగళ్లు పెట్టుకొను స్త్రీలు చావడి నిండిరి. ఏప్రిల్ 6న చర్చలకు పిలిచిన సమితి నాయకులను అచ్చటనే నిర్బంధించి మరునాడు విడిచిరి. నాటి దేశాధ్యక్షుడు ఊగో బాంజెర్. 1971 మొదలు 1978 వరకు సైనికబలముతో ఏలి, 1997లో ఎన్నికల మూలమున మరల గద్దె నెక్కినవాడు. ఆయన ఏప్రిల్ 8న దేశమంతట అత్యవసర పరిస్థితి ప్రకటించెను. ఆ దినమే వీధిలో తుపాకి గుండు తగిలి 17 ఏండ్ల బాలుడు మరణించెను. మామూలు దుస్తులలో నున్న సైనికాధికారి యొకడు గుంపువైపు కాల్చుట టెలివిజనులో దేశమంతయు చూచినది. జనము చెదరలేదు. కంపెనీ అధికారులు నగరము విడిచి వెళ్లిరి. వెళ్లితిరి గనుక కౌలు విడిచినట్లేయని సర్కారు చెప్పెను. ఏప్రిల్ 10న ఒప్పందము సంతకమైనది. సేమాపా తిరిగి ఊరి వశమైనది. మరునాడే 2066వ సంఖ్యగల చట్టముతో 2029 సవరింపబడెను; వాడుకలకును సంఘములకును అందు చోటు దొరకినది. 2004 అక్టోబరులో వచ్చిన పారుదల చట్టము రైతుల వంతులను నమోదు చేయించి వారికి భద్రము చేసెను. నా దృష్టిలో రైతుల గెలుపు ధర తగ్గుట కాదు, ఇదియే.

కంపెనీ ఊరకుండలేదు. నెదర్లాండ్సునకును బొలీవియాకును నడుమ పెట్టుబడుల రక్షణకై ఒక సంధి యుండెను. కూటమిలోని యాజమాన్య సంస్థలలో నెదర్లాండ్సు సంస్థ యొకటి యున్నదన్న ఆధారముతో, ప్రపంచ బ్యాంకు కుటుంబమునకే చెందిన వాషింగ్టను మధ్యవర్తి న్యాయస్థానమున 2002లో వ్యాజ్యము నమోదైనది. ఏ బ్యాంకు కంపెనీలకిమ్మని చెప్పెనో ఆ బ్యాంకు పంచనే తగవు! వారు కోరిన పరిహారము రెండున్నర కోట్ల డాలర్లకు తక్కువ కాదని నాడు వార్త. 2005లో న్యాయస్థానము ఈ తగవును విచారించు నధికారము తనకు కలదని తీర్పు చెప్పెను. కాని లోకములో అపకీర్తి పెరుగుచుండుటవలన, 2006 జనవరిలో కంపెనీ రాజీపడినది. కూటమి వాటాలకు వారు పుచ్చుకొన్న మూల్యము రెండు బొలీవియానోలు. ఆ దేశపు నాణెములు రెండే, అంతే. కొలది దినములకే రైతు సంఘములనుండి వచ్చిన ఈవో మొరాలెస్ దేశాధ్యక్షుడైనాడు. 2009 నాటి రాజ్యాంగములో నీరు మానవ హక్కనియు, దానిని కౌలు కీయరాదనియు వ్రాయబడినది. 2010 జూలై 28న బొలీవియా ప్రతిపాదించిన తీర్మానమును ఐక్యరాజ్య సమితి సభ 122 వోట్లతో అంగీకరించెను. ఎదిరించిన దేశమొక్కటియు లేదు, 41 దేశములు తటస్థముగా నుండెను.

ఇంతవరకు చెప్పి ఆపువారు చాలమంది. గెలుపు పిమ్మట గుట్టలమీద ఏమైనదో వారు చెప్పరు. సేమాపా పాలకవర్గములో పౌరులు ఎన్నుకొన్న సభ్యులకు చోటిచ్చిరి. ఆ ఎన్నికలకు వచ్చినవారు బహుస్వల్పము. నిర్వాహకులు కొందరు ఆరోపణలపై తొలగింపబడిరి. నీరు మునుపటివలెనే కారిపోవుచుండెను. దక్షిణపు వాడలలో వేలాది కుటుంబములు మునుపటివలెనే లారీ నీరు కొనుచుండెను. పీపా ధర కుళాయి ధరకు మునుపటివలెనే యెన్నియో రెట్లు. ఒలివేరా మొదలైన నాయకులే ఈ సంగతిని బాహాటముగా చెప్పిరి. ఐనను నీటి సంఘములు నిలిచినవి. 2004లో దక్షిణపు సంఘములు కలిసి ఒక సమాఖ్యగా నేర్పడి, మిసికూని నీరు వచ్చినప్పుడు సేమాపావద్ద టోకున పుచ్చుకొని, తమ తొట్లలో నింపి, తమ పైపులలో తామే పంచుకొందుమను ఆలోచనను ముందుకు తెచ్చినవి. మిసికూని ఆనకట్ట కట్టుట 2017లో ముగిసినది. కొండ కావలి నీరు లోయకు దిగినది. దానిని గుట్టలమీదికి ఎక్కించు పైపులును, తొట్లును వేయు పని ఆనకట్టకంటె వెనుకబడినది.